కంట్లో సూదా, స్టెరాయిడ్ ఇంప్లాంటా, లేజరా: ఏది మేలు?

కంటి వెనక పొర (రెటీనా) సిర మూసుకుపోయి చూపు నడిమధ్యలో నీరు చేరిందనగానే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "లేజర్ కొట్టిస్తే పోదా?" ఆ నీటికి లేజర్ ఇప్పుడు మొదటి వైద్యం కాదు. ప్రధాన సిర మూసుకున్నవాళ్లకి వాపు ఉన్నచోట చుక్కచుక్కలుగా కొట్టే గ్రిడ్ లేజర్‌తో వాపు తగ్గినా చూపు పెరగదని 1995లోనే తేలింది. కొమ్మ సిర అయితే కొంత ఉపయోగం ఉంది, అదీ వాపు తగ్గించే మందును కంట్లోకి ఎక్కించే సూదుల తర్వాతే. కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తే లేజర్ కావాలి, అది వేరే సంగతి.

అసలు పోటీ సూదులకీ, స్టెరాయిడ్ ఇంప్లాంట్‌కీ మధ్య.

సూదులు మొదట్లో నెలకొకటి. తర్వాత రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్‌లో వాపు చూసి ఎడం పెంచుతారు. సూదిలో ఎక్కించే మందుల్లో రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ ఖరీదు. బెవాసిజుమాబ్ నిజానికి క్యాన్సర్ మందు, బాగా చవక. ప్రధాన సిర కేసుల్లో ఆరు నెలలకి అది అఫ్లిబెర్సెప్ట్‌కి తీసిపోలేదని 2017లో స్కోర్-2 అధ్యయనం చూపింది. కాకపోతే ఒక సీసాను చాలామందికి పంచుతారు, అక్కడ శుభ్రత ఎలా ఉందో అడగాల్సిందే. మధ్యస్థ ధరలో, మన దేశంలో 2015లో వచ్చిన రజుమాబ్ ఉంది, అది రానిబిజుమాబ్‌ను పోలిన మందు. ఖరీదైనది రెండు వేయించి చేతులెత్తేసేకంటే, చవకది తేదీ తప్పకుండా వేయించడం నయమంటాను. సూది కోసం ప్రతినెలా మద్రాసు రైలెక్కేవాళ్లు, ఊళ్లోనే రెటీనా డాక్టరు ఉన్నారేమో ముందు కనుక్కోండి.

తేదీలు కుదరనివాళ్లూ ఉంటారు. రొయ్యల చెరువు మీద బతికే మనిషి పట్టుబడి రోజున కంటాసుపత్రికి పోతాడా? అలాంటివాళ్లకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంప్లాంట్ గురించి అడగొచ్చు. 0.7 మిల్లీగ్రాముల సన్నటి పుల్ల, కంట్లోనే కరిగిపోతుంది, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. ఈమధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకీ కొందరు డాక్టర్లు దీన్నే ఎంచుకుంటారు. చిక్కేమిటంటే కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం ముదురుతుంది. శుక్లం ఆపరేషన్ అయిపోయిన పెద్దాయనకి రెండోదాని బెంగ లేదు. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ముదిరినవాళ్లకి మాత్రం వద్దు. ఆపరేషన్‌లో లెన్సు వెనక పొర చిరిగిన కంటికీ వద్దు, పుల్ల ముందుకు జారి కంటి ముందరి పారదర్శక పొర కార్నియాను పాడుచేస్తుంది.

ఏది వేయించినా బీపీ, షుగరు అదుపులో లేకపోతే రెండో కంటికీ ముప్పే. కొన్నాళ్లు చెరువు నీళ్లు కంట్లో పడనీయకండి. వేయించిన వారంలోపు కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, చూపు మసకబారితే మద్రాసు అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ రోజే దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.