వాన పడకుండానే తడిసిన పరుపు: టియర్‌డ్రాప్ ట్రైలర్‌తో నాలుగేళ్లు

టియర్‌డ్రాప్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించుకుని వెళ్లే, కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే చిన్న పడకగది, వెనక తలుపు ఎత్తితే వంటిల్లు. దాని పొడవెంత, బరువెంత, ఏ కారుకి తగిలించొచ్చు లాంటివి ఎక్కడ చూసినా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పేదంతా పరుపు గురించే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, పరుపు అడుగు గురించి.

నాలుగేళ్లలో 90కి పైగా రాత్రులు ఆ చిన్న డబ్బాలో పడుకున్నాం, నేనూ మా ఆయనా. మొదటి ఏడాదంతా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఒకటే చెప్పేదాన్ని: "లోపల ఎంత వెచ్చగా ఉంటుందో! బయట వణికించే చలి ఉన్నా హీటర్ అక్కర్లేదు. కిటికీలు బిగిస్తే ఇద్దరి ఒంటి వేడే చాలు." అబద్ధమేం కాదు. టెంట్లలో నడుం విరగ్గొట్టుకున్నాక నేల మీద నుంచి లేచిన పరుపు, చుట్టూ గట్టి గోడలు, చేరిన పది నిమిషాలకే వెనక తలుపు ఎత్తి స్టవ్ వెలిగించుకోవడం, ఇవన్నీ రాజభోగంలా అనిపించేవి.

రెండో ఏడాది చలికాలం చివర్లో దులిపి ఆరబెడదామని పరుపు పైకెత్తాను. కింద చెయ్యి పెడితే చెమ్మ. తలవైపు మూలలో, గోడకి ఆనుకున్న చోట, అరచేయంత మేర నల్లటి బూజు. వాసన కూడా చూశాను, ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది. కింద ప్లైవుడ్ కూడా అక్కడ రంగు తిరిగింది.

"కప్పు కారుతోంది," అని తేల్చేశారు మా ఆయన.

"వాన ఎక్కడ పడిందండీ? మూడు వారాలుగా చినుకు లేదు."

"పాత వాన అయ్యుంటుంది."

అక్కడి నుంచి మూడు ఆదివారాలు ఆ పాత వాన కోసం వెతికాం. కప్పు మీద ఫ్యాన్ చుట్టూ సిలికాన్ పట్టించడం, అది ఆరాక పైపుతో నీళ్లు కొట్టడం, నేను లోపల టార్చి పట్టుకుని కూర్చోవడం. ఒక్క చుక్క రాలేదు. అయినా అనుమానం తీరక ఇంకో పొర. మూడో ఆదివారం మూడో పొర.

అసలు సంగతి ఒక రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి బయటపడింది. మెలకువ వచ్చి టార్చి వేశాను. గోడ చెక్క పొడిగానే ఉంది. కిటికీ అల్యూమినియం ఫ్రేమ్ పొడవునా మాత్రం నీటి బొట్లు బారులు తీరి ఉన్నాయి. కప్పులో ప్రతి స్క్రూ తల మీదా ఒక్కో బొట్టు, ఎవరో లెక్కపెట్టి అతికించినట్టు. నేను చూస్తుండగానే ఒకటి జారి మా ఆయన చెంప మీద పడింది. "చూశావా, కారుతోందన్నానా," అన్నారు కళ్లు తెరవకుండానే.

కారుతున్నది కప్పు కాదు, మేము. నిద్రపోతున్న మనిషి ఊపిరి నుంచీ చర్మం నుంచీ గంటకి 30, 40 గ్రాముల నీరు ఆవిరిగా గాల్లో కలుస్తుంది. ఇద్దరికీ కలిపి రాత్రికి అర లీటరు వేసుకోండి. మా ట్రైలర్ లోపల వెడల్పు 5 అడుగులు, పొడవు 8, ఎత్తు 4కి మించదు. అంటే మహా అయితే నాలుగున్నర ఘనమీటర్ల గాలి. 20 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పట్టగలిగిన నీరు 17 గ్రాములే. కిటికీలు బిగించుకుని పడుకుంటే గంటా గంటన్నరలో లోపలి గాలికి ఇక ఆవిరి పట్టదు. మిగతాది చల్లగా ఏది దొరికితే దాని మీద నీరవుతుంది. లోహం చలిని నేరుగా లోపలికి తెస్తుంది కాబట్టి ముందు స్క్రూ తలలు, ఫ్రేములు. ఆ తర్వాత, ఒంటి వేడి పైనుంచీ నేల చలి కిందనుంచీ తగిలే పరుపు అడుగు. అక్కడ గాలి ఆడదు, అందుకే ఆరదు కూడా.

తేమ పీల్చే గుళికల డబ్బాలు పెట్టి చూశాం. బీరువాకి సరిపోతాయేమో గానీ రాత్రికి అర లీటరు వాటివల్ల అయ్యే పని కాదు. చిన్న గ్యాస్ హీటర్ పెట్టుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. పొగ గొట్టం లేని హీటర్ని మూసిన డబ్బాలో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలే పోతాయి. పైగా కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీరు పుడుతుంది. చెమ్మ పోవాలని చెమ్మ తెచ్చుకున్నట్టు.

చివరికి పనిచేసినవి రెండే. కాళ్లవైపు కిటికీ రెండు వేళ్ల సందు తీసి ఉంచి, కప్పు ఫ్యాన్‌ని గాలి బయటికి లాగేలా అతి తక్కువ స్పీడులో రాత్రంతా తిప్పడం. అంత నెమ్మదిగా తిరిగితే మా బ్యాటరీకి అదొక లెక్కే కాదు. రెండోది, పరుపు కింద చెక్క పట్టీలు, వాటి మీద గాలి ఆడే ప్లాస్టిక్ అల్లిక. పాత పరుపు పారేసి కొత్తది వేసి రెండేళ్లయింది. ప్రతి ప్రయాణం తర్వాత ఎత్తి చూస్తున్నాను, మచ్చ లేదు. గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు కూడా తలదగ్గర తగిలించాను, 90 శాతం దాటే రాత్రులు ఇప్పుడు అరుదు.

కాకపోతే నేను అంతలా పొగిడిన వెచ్చదనం పోయింది. ఇప్పుడు ఇద్దరం ఉన్ని టోపీలు పెట్టుకుని పడుకుంటాం. మొదటి ఏడాది నా మాట విని ఇలాంటిదే కొన్న స్నేహితురాలికి ఫోన్ చేసి, ముందు పరుపు ఎత్తి చూడమన్నాను. వారం దాకా నాతో మాట్లాడలేదు.

వెనక వంటిల్లు నాకిప్పటికీ ముద్దే, ఒక షరతు మీద. బరువైనవన్నీ అక్కడే సర్దాలనిపిస్తుంది. ఓసారి నీళ్ల క్యాన్లు రెండూ వెనకే పెడితే దారంతా ట్రైలర్ తోక ఊపుతూనే వచ్చింది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలంటారు. క్యాన్లు చక్రాలకి ముందుకి జరిపాక కుదురుగా నడిచింది.

కొనొచ్చా అంటే మా సంగతే చెప్పగలను. ఇద్దరమే, ఇద్దరం పొట్టి, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, లోపల నిలబడలేకపోవడం మాకు పెద్ద లోటు కాలేదు. ఆరడుగుల మనిషో, చంటిపిల్లలో ఉంటే నేను హామీ ఇవ్వను. ఎప్పుడూ తేమగా ఉండే చోట్లకి వెళ్లేవాళ్లయితే కొనేముందు ఒకటి అద్దెకి తీసుకుని, చలి రాత్రి కిటికీలు మూసి పడుకుని తెల్లారి స్క్రూల వైపు చూడండి.

ఈ నెలలో ఫ్యాన్ కింద రబ్బరు మార్చాలి. సిలికాన్ మీద ఇంకేదీ అంటుకోదట, పాతదంతా గీకాల్సిందే. ఆ మూడు పొరలు గీకేది ఎవరన్నది మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.