ఏబాప్, జావా, డ్యూయల్ స్టాక్: ఏది మేలు?

సంస్థల వ్యాపార సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీ సర్వర్లు మూడు రకాలు: ఎస్‌ఏపీ సొంత భాష ఏబాప్‌తో నడిచేవి, జావాతో నడిచేవి, రెండూ ఒకే సిస్టమ్‌లో ఉన్న డ్యూయల్ స్టాక్. సిస్టమ్‌కు పెట్టిన మూడక్షరాల గుర్తింపు పేరు, అంటే ఎస్‌ఐడీ, చూసి అది ఏ రకమో చెప్పలేం. నెట్‌వర్క్ పోర్టు నంబర్లు చెబుతాయి. ఇన్‌స్టన్స్ (సిస్టమ్‌లో నడిచే ఒక్కో సర్వర్ యూనిట్) నంబరు 00 అయితే పనులు పంచే ఏబాప్ డిస్పాచర్‌ది 3200, ఇతర సిస్టమ్‌లతో మాట్లాడే గేట్‌వేది 3300. జావాకు నంబరు 01 ఇస్తే దాని హెచ్‌టీటీపీ పోర్టు 50100. ఒకే ఎస్‌ఐడీ కింద ఈ రెండు జాతుల పోర్టులూ కనిపిస్తే అది డ్యూయల్ స్టాక్.

ఏబాప్‌లో జబ్బు పట్టుకోవడం తేలిక. "స్లోగా ఉంది" అని ఫిర్యాదు రాగానే ఎస్‌ఎం50 స్క్రీన్ తెరిస్తే పని చేసే ఏ వర్క్ ప్రాసెస్ ఏ ప్రోగ్రామ్‌లో, ఏ టేబుల్ దగ్గర ఇరుక్కుందో తెలుస్తుంది. ఒక ప్రాసెస్ చచ్చినా డిస్పాచర్ ఇంకోదాన్ని లేపుతుంది, మిగతావాళ్ల పని ఆగదు. జావాలో అలా కాదు. ఒక సర్వర్ నోడ్‌లోని (ఒక జావా ప్రాసెస్‌లోని) థ్రెడ్లన్నిటికీ హీప్, అంటే వాడుకునే మెమరీ, ఒకటే. ఒక్క అప్లికేషన్ మెమరీ మింగేస్తే ఆ నోడ్ మీదున్న అందరూ బయటపడతారు. ఆ తర్వాత డిఫాల్ట్ ట్రేస్ అనే లాగ్ ఫైళ్లు తిరగేయడమే. అయినా ఎంటర్‌ప్రైజ్ పోర్టల్, సిస్టమ్‌లను కలిపే ప్రాసెస్ ఆర్కెస్ట్రేషన్ కావాలంటే జావా తప్పదు.

ఇక డ్యూయల్ స్టాక్. సిస్టమ్‌లను కలిపే పాత పీఐ (ప్రాసెస్ ఇంటిగ్రేషన్), సిస్టమ్‌ల నిర్వహణకు వాడే సొల్యూషన్ మేనేజర్ 7.1 ఈ కోవవే. ఒక సర్వర్ మిగిలిందనిపిస్తుంది కానీ డేటాబేస్ ఒకటే, అందులోని స్కీమాలే (టేబుళ్ల గుంపులే) రెండు. జావాను మాత్రమే నిన్నటి స్థితికి తేవాలన్నా బ్యాకప్ రిస్టోర్ చేస్తే ఏబాప్ కూడా వెనక్కి పోతుంది. పరీక్షలకు వాడే క్వాలిటీ సిస్టమ్‌ను అసలు డేటాతో రిఫ్రెష్ చేయడానికి రెండింటినీ కలిపే కాపీ చేయాలి. జావా ఏబాప్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఏపీజేఎస్‌ఎఫ్ యూజర్ పాస్‌వర్డ్‌ను ఎవరో మార్చి అది లాకైతే ఏబాప్ బాగానే నడుస్తుంది, జావా మాత్రం లేవదు. రెండింటినీ వేరు చేశాక కూడా జావాలో యూజర్లను చూసుకునే యూఎంఈ ఏబాప్ యూజర్లనే వాడుతుంటే ఈ చిక్కు పోదు, ఇది చాలామంది మరిచిపోతారు.

కాబట్టి కొత్తగా కట్టేవాళ్లకు ఏబాపే మేలు, జావా అవసరమైతే విడిగా. ఈ సర్వర్లకు పునాది అయిన నెట్‌వీవర్ 7.5లో డ్యూయల్ స్టాక్ ఎలాగూ లేదు. పాతది ఉన్నవాళ్లు ఎస్‌ఏపీ ఇన్‌స్టలేషన్ టూల్ ఎస్‌డబ్ల్యూపీఎంతో విడగొట్టుకోవాలి. ఏబాప్‌కు పాత ఎస్‌ఐడీ ఉంటుంది, జావాకు కొత్తది వస్తుంది. డేటాబేస్‌ను అలాగే ఉంచే ఎంపిక త్వరగా ముగుస్తుంది గానీ రిస్టోర్ ముడి విడదు. జావా డేటాబేస్‌ను తరలించడమే నయం. చివర్లో సిస్టమ్‌లు ఒకదాన్నొకటి పిలుచుకునే జేకో, ఆర్‌ఎఫ్‌సీ డెస్టినేషన్లు సరిచేసి, సిస్టమ్‌ల జాబితా ఎస్‌ఎల్‌డీకి వివరాలు పంపే ఏబాప్ వైపు ఆర్‌జెడ్70, జావా వైపు డేటా సప్లయర్ మళ్లీ నడిపి, ఎస్‌ఎల్‌డీలో మిగిలిన పాత జావా ఎంట్రీని తీసేయాలి.