సగం డాబా రిపేరు, సగం కొత్త స్లాబు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నాను. పాత స్లాబు ఉంచాలా కొట్టేయాలా అన్నది కారే నీళ్లను చూసి తేల్చకండి, లోపల ఐరన్ ఎంత మిగిలిందో చూసి తేల్చండి. కాకినాడలో మా నాన్నగారు 1986లో కట్టించిన ఇంటికి మేం రెండూ చేయించాం. ముందు వైపు హాలు, పడకగది మీది స్లాబు రిపేరు చేయించి, వెనక ఎప్పుడో తర్వాత కలిపిన వంటగది, బాత్రూం మీదిది పూర్తిగా కొట్టించి కొత్తది పోయించాం. అదే ఉప్పుగాలి, అవే తుపాను వానలు, రెండూ ఎలా నిలబడ్డాయో కొన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాం.

మొదట వచ్చిన ఇద్దరు కాంట్రాక్టర్లలో ఒకాయన పైన కెమికల్ కోటింగ్ వేస్తే చాలన్నారు, ఇంకొకాయన ఇల్లంతా కొట్టేద్దామన్నారు. ఇద్దరూ కింద నిలబడి తలెత్తి చూసి చెప్పినవాళ్లే. తర్వాత పిలిచిన స్ట్రక్చరల్ ఇంజనీరుగారు మాత్రం నిచ్చెనెక్కి చిన్న సుత్తితో సీలింగంతా తట్టుకుంటూ వెళ్లారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, పెచ్చు విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది, మనక్కూడా తెలిసిపోతుంది. అక్కడక్కడా ఉలితో కొట్టి చువ్వలు బయటపెట్టి కొలిచారు. హాల్లో పైపైన తుప్పే తప్ప మందం తగ్గలేదు. వంటగదిలో 8 ఎం.ఎం. చువ్వ 6కి వచ్చేసింది. వినడానికి పావు వంతే పోయినట్టు ఉంటుంది గానీ, బరువు మోసేది చువ్వ అడ్డకోత వైశాల్యం, ఆ లెక్కన దాదాపు 44 శాతం పోయినట్టు! దాని మీద ఎంత సిమెంటు మెత్తినా పోయిన ఐరన్ తిరిగిరాదు.

అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే రంగు మారే ద్రావణం కూడా చల్లారు. కాంక్రీటులో క్షారగుణం ఉన్నంతవరకు అది ఐరన్‌ని కాపాడుతుంది, ఆ గుణం ఉంటే ద్రావణం గులాబీ రంగులోకి తిరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగి ఆ గుణాన్ని పోగొడితే రంగు రాదు. హాల్లో పైపొర దాటగానే గులాబీ కనబడింది, వంటగదిలో చువ్వ దాటి లోపలికెళ్లినా రాలేదు. కారణం కూడా అక్కడే తెలిసింది, స్లాబు వేసిన రోజున కవర్ బ్లాకులు (చువ్వలకీ పలకలకీ మధ్య ఎడం ఉంచే చిన్న దిమ్మలు) పెట్టకుండా చువ్వల్ని సెంట్రింగ్ పలకల మీదే పరిచేశారు. సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. గులాబీ రంగు వచ్చినా సరే, కాంక్రీటులోకి ఉప్పు చేరితే తుప్పు పడుతుంది, అది తెలియాలంటే కాంక్రీటు పొడి తీసి ల్యాబులో క్లోరైడ్ పరీక్ష చేయించాల్సిందే.

రిపేరు అంటే ఊడినచోట ప్లాస్టరింగ్ చేయడం కాదు. స్లాబు కింద ఆసరాకి పోట్లు పెట్టి, వదులైన కాంక్రీటంతా చువ్వ వెనక వేలు దూరేదాకా కొట్టి, తుప్పు గీకి, జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమం) పొరలు పొరలుగా నింపారు. పైన పాత గచ్చు తీసేసి, నీళ్లు గొట్టం వైపు పోయేలా వాలు సరిచేసి, పిట్టగోడ మూల గుండ్రంగా మలిచి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు రెండు రోజులు నిలబెట్టి చూశాకే తెల్ల టైల్స్ వేయించాం. తెలుపు వల్ల మే నెలలో పై వేడి తగ్గిన మాట నిజం, మధ్యాహ్నం హాల్లో కూర్చోగలుగుతున్నాం.

కొత్త స్లాబు పని వేరే లోకం. దుమ్ము, చప్పుడు, పక్కింటివాళ్ల గోడకి పగుళ్లు వస్తాయేమోనని టెన్షన్, వరండాలో గ్యాస్ పొయ్యి పెట్టుకుని వంట. అడుగు లెక్కన చూస్తే రిపేరు ఖర్చుకి రెండింతల పైనే అయింది. ఈసారి కవర్ బ్లాకులు మేమే లెక్కపెట్టుకున్నాం, మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టి పది రోజులకి తగ్గకుండా క్యూరింగ్ చేయించాం. మేస్త్రి ఎంత తొందరపెట్టినా ఇక్కడ మాత్రం ఒప్పుకోకండి.

ఇక వాడకం. వెనక కొత్త స్లాబులో ఇప్పటిదాకా చిన్న చెమ్మ కూడా లేదు. తంటా అంతా పాతదీ కొత్తదీ కలిసేచోట వచ్చింది. ఒక నవంబరు వానకి ఆ గీత వెంటే నీళ్లు దిగాయి, అక్కడ గాడి కొట్టించి, సాగే సీలెంట్ పెట్టించాక ఆగింది. ఇలా సగం సగం చేయించేవాళ్లు ఆ జాయింటు గురించి పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి. ముందు హాల్లో పైనుంచి చుక్క కారలేదు, కానీ రిపేరు చేసిన అతుకు పక్కనే ఈమధ్య చువ్వ వెంట సన్నటి గోధుమరంగు గీత కనబడుతోంది. ఉప్పు పట్టిన కాంక్రీటులో ఇది మామూలేనట, బాగుచేసిన ముక్కలో తుప్పు ఆగి, దాని చుట్టూ ఉన్న పాత భాగంలో మొదలవుతుంది. రిపేరు చేసేటప్పుడు ఈ మాట మాకు ఏ కాంట్రాక్టరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

పైన రేకుల షెడ్డు వేసేయమని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. వాన ఆగుతుంది, కాదనను. కానీ మా ఊళ్లో అక్టోబరు, నవంబరు గాలులకి రేకులు లేచిపోకుండా పట్టుకోవాలంటే బిగింపులకే బోలెడంత పెట్టాలి, పైగా వడియాలు పెట్టుకునే డాబా పోతుంది. నాకు నచ్చలేదు.

ఈ వేసవిలో ఆ గీత వచ్చిన చోట క్లోరైడ్ పరీక్ష చేయిస్తున్నాం. ఉప్పు తక్కువే ఉంటే ఆ ముక్క వరకు బాగుచేయిస్తాం, ఎక్కువని తేలితే మళ్లీ అతుకులు వేయించం, చువ్వలు పల్చబడకముందే హాలు స్లాబు కూడా కొట్టించేస్తాం.