ఐదు దెబ్బలా, మూడు దెబ్బలా: పాత్‌ఫైండర్‌లో నా పోతురాజు లెక్క

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక దోస్తు వాళ్ల డాబా మీది గదిలో మూడేళ్లుగా ప్రతి ఆదివారం పాత్‌ఫైండర్ ఆడుతున్నాం, పాచికలు విసురుతూ ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట. 2009లో వచ్చిన మొదటి ఎడిషన్. నా పాత్ర హాఫ్ ఆర్క్ (సగం మనిషి, సగం ఆర్క్ అనే రాక్షసజాతి) బార్బేరియన్, అంటే పూనకంతో కొట్లాడే మొరటు యోధుడు, పేరు పోతురాజు. గావు పట్టేవాడికి పళ్లు లేకుంటే ఎట్లా అని టూతీ అనే జాతి లక్షణం తీసుకున్నా, కొరికితే 1డి4, అంటే నాలుగు ముఖాల పాచిక ఒకటి విసిరితే పడినంత డ్యామేజ్, దానికి బలం బోనస్ కలుస్తుంది. లెసర్ బీస్ట్ టోటెమ్ అనే శక్తితో రేజ్‌లో (బార్బేరియన్ పూనకం, కొన్ని రౌండ్లే ఉంటుంది) ఉన్నంతసేపు రెండు చేతులకూ గోళ్లు, ఒక్కోటి 1డి6. అంతటితో ఊరుకోక, తన్నడం కూడా ఉండాలని ఇంప్రూవ్డ్ అన్‌ఆర్మ్డ్ స్ట్రైక్ మీద ఒక ఫీట్ (లెవెల్ పెరిగేకొద్దీ ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) పెట్టా. ఆ ఫీట్ లేకుండా తన్నబోతే ఎదుటివాడే ముందు మనల్ని ఒకటి పీకుతాడు కదా.

రూల్ చూస్తే నోరూరుతుంది. ఆరో లెవెల్‌లో రెండు తన్నులు, వాటితో పాటే ఒక కొరుకుడు, రెండు గోళ్లు, మొత్తం ఐదు దెబ్బలు. పిడికిలితో గుద్దితే ఆ చెయ్యి గోరు పనికిరాదు కాబట్టి కాలితోనో మోకాలితోనో కొట్టాలి, అది ఓకే. అసలు దెబ్బ ఇంకోచోట పడుతుంది: ఒక్క తన్ను కలిపినా పళ్లు, గోళ్లు అన్నీ సెకండరీ (రెండో తరగతి దెబ్బలు) అయిపోతాయి, తగలడానికి వేసే పాచికలో మైనస్ 5, డ్యామేజ్‌లో కలిసే బలం బోనస్ సగమే.

ఏడాది పాటు ఐదు డైస్ విసురుతూ సంబరపడ్డా. "ఏందన్నా, అన్ని విసిరినా ఒక్కటీ తగలదు" అని తమ్ముడొకడు నవ్వితే అప్పుడు కూర్చొని లెక్కేశా. రేజ్‌లో బలం 22, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే మనం అందుకోవాల్సిన అంకె) 19 అనుకుంటే గోళ్లు, పళ్లు మాత్రమే వాడితే సగటున 19 డ్యామేజ్, తన్నులు కలిపితే 17న్నర. ఆర్మర్ క్లాస్ 14 ఉన్న బక్క శత్రువు మీద రెండూ సమానం. అంటే ఫీట్ ఖర్చు పెట్టి నేనే తగ్గించుకున్నానన్నమాట! పైగా ఐదు దెబ్బలూ కావాలంటే ఐదడుగులకు మించి కదలొద్దు, మా గేమ్ మాస్టర్ (ఆట నడిపేవాడు) ఆడించే శత్రువులేమో ఒక్కచోట నిలబడరు.

మాంక్ (ఒట్టి చేతులతో కొట్లాడే సన్యాసి పాత్ర) ఆడేవాళ్లకు ఇంకో మాట. మా మిర్యాలగూడ దోస్తు మాంక్‌కు కూడా పళ్లున్నాయి, ఫ్లర్రీతో (మాంక్ వరసగా కురిపించే దెబ్బలు) కలిపి కొరుకుతా అని నెల రోజులు వాదించాడు. కుదరదు. ఫ్లర్రీ చేసేటప్పుడు నేచురల్ ఎటాక్‌లు (పళ్లు, గోళ్లలాంటి ఒంటి ఆయుధాల దెబ్బలు) రావు, ఫెరల్ కంబాట్ ట్రైనింగ్ ఫీట్ తీసుకుంటేనే ఎంచుకున్న ఆ ఒక్కదాన్ని ఫ్లర్రీలో వాడుకోవచ్చు. అమ్యులెట్ ఆఫ్ మైటీ ఫిస్ట్స్ అనే, దెబ్బకు బలమిచ్చే తాయెత్తు మాత్రం కళ్లు మూసుకొని కొనొచ్చు, తన్నుకూ పంటికీ గోటికీ అన్నింటికీ ఒక్కటే సరిపోతుంది, ఖరీదే కాస్త మంట.

మరి ఫీట్ తీసేశానా అంటే లేదు. రేజ్ రౌండ్లు అయిపోతే గోళ్లు పోయి పోతురాజుకు మిగిలేది నోరొక్కటే. అప్పుడు బలం 18తో అదే 19 ఆర్మర్ క్లాస్ మీద ఒట్టి కొరుకుడుకు, ఒక్కటే ఉన్నందుకు ఒకటిన్నర రెట్లు బలం కలిసినా, సగటున ఐదే వస్తుంది. రెండు తన్నులు కలిపితే ఏడు దాటుతుంది. అందుకే ఇప్పుడు రేజ్‌లో ఉంటే గోళ్లూ పళ్లూ, రేజ్ దిగాకే కాళ్లు. ఒక్క నేచురల్ ఎటాకే ఉన్నవాళ్లు కలిపి వాడండి, మూడున్నవాళ్లు ఆ ఫీట్ జోలికి పోయే ముందు కాగితం మీద ఒకసారి లెక్కేసుకోండి.