పాత ఆరు సిలిండర్ల షెవ్రోలేకి ఏ గేర్‌బాక్స్ మేలు?

చిత్తూరులో మా బావ దగ్గర 1951 షెవ్రోలే స్టైల్‌లైన్ ఉంది. బొంబాయి సెవ్రీలో జనరల్ మోటార్స్ వాళ్ళు ఇంకా కార్లు బిగిస్తున్న కాలం నాటి బండి. ఆరు సిలిండర్లు, మూడు గేర్లు, స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేర్. ఈ మధ్య సెకండ్ గేర్ వేస్తే గరగరమంటోంది. మొగిలి ఘాట్ దిగేటప్పుడు దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోతోంది. ఆటోనగర్‌లో ఒకాయన అంబాసిడర్ ఐదు గేర్లది పెట్టేద్దామన్నాడు. ఇంకొకాయన స్కార్పియోదే మేలన్నాడు. బెంగళూరు స్నేహితుడు అమెరికా నుంచి టీ-5 అనే ఐదు గేర్ల బాక్స్ తెప్పించుకోమన్నాడు. బావకు టెన్షన్ పట్టుకుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. పాత మూడు గేర్ల బాక్సునే పూర్తిగా విప్పి బాగుచేయించడం మేలు. హైవేలో ఇంజన్ మరీ తిరుగుతోందన్న బాధ ఉంటే గేర్‌బాక్స్ జోలికి పోకుండా వెనక డిఫరెన్షియల్‌లోని పళ్ళ జత, అంటే క్రౌన్-పినియన్ మార్చుకోవాలి. ఐదు గేర్లది ఆ తర్వాతి మాట. ఎందుకంటే ఈ బండిలో గేర్‌బాక్స్ మార్చడమంటే గేర్‌బాక్స్ ఒక్కటే మార్చడం కాదు.

కింద పడుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. అంబాసిడర్‌లోనో జీపులోనో గేర్‌బాక్స్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికే తిరుగుతూ కనిపిస్తుంది, రెండు చివర్లా యూజే క్రాసులు (వంగే జాయింట్లు) ఉంటాయి. 1954 దాకా వచ్చిన షెవ్రోలే కార్లలో అలా ఉండదు. షాఫ్ట్ ఒక లావాటి ఇనుప గొట్టంలో దాగి ఉంటుంది. దాన్నే టార్క్ ట్యూబ్ అంటారు. ఆ గొట్టం వెనక డిఫరెన్షియల్‌కు గట్టిగా బిగించి ఉంటుంది, ముందు గేర్‌బాక్స్ తోకకు గుండు లాంటి జాయింట్‌తో కలుస్తుంది. వెనక చక్రాలు బండిని ముందుకు తోసే తోపుడంతా కమాన్ పట్టీల మీద కాకుండా ఈ గొట్టం గుండా గేర్‌బాక్స్ మీదికి, అక్కడి నుంచి మౌంట్ల మీదికి వస్తుంది. షెవ్రోలే బయటి షాఫ్ట్‌కు మారింది 1955లో. కాబట్టి ఏ కొత్త గేర్‌బాక్స్ పెట్టినా టార్క్ ట్యూబ్ పోవాలి. ట్యూబ్ పోతే డిఫరెన్షియల్, ఇరుసులు ఉండే వెనక హౌసింగ్ మారాలి. హౌసింగ్ మారితే పట్టీల సీట్లు, బ్రేకు పైపులు, హ్యాండ్ బ్రేకు తీగ, చక్రాల బోల్టుల కొలతలు అన్నీ వరసగా మారతాయి. కొటేషన్ ఇచ్చే మెకానిక్ ఇవన్నీ కలిపి చెప్పాడో, ఒక్క గేర్‌బాక్స్ రేటే చెప్పాడో మొదట కనుక్కోవాలి.

పాత బాక్స్ నిజంగా పోయిందా?

చాలాసార్లు పోయి ఉండదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి, న్యూట్రల్‌లో క్లచ్ వదిలి వినండి. శబ్దం వస్తూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది ముందు షాఫ్ట్ బేరింగుదో, బాక్స్ లోపల పక్కన తిరిగే లేయర్ షాఫ్ట్‌దో అయి ఉంటుంది. ఫస్ట్, సెకండ్‌లలో గట్టిగా మోగి టాప్‌లో నెమ్మదిస్తే అనుమానం లేయర్ షాఫ్ట్ మీదే, ఎందుకంటే టాప్ గేర్ నేరుగా పోతుంది, బరువు దాని మీద పడదు. సెకండ్ వేసేటప్పుడు గరగరమంటే సింక్రో (గేర్ల వేగాలను కలిపే రింగు) అరిగినట్టు. ఫస్ట్‌కు మాత్రం ఈ బాక్సులో అసలు సింక్రోనే లేదు. బండి కదులుతుండగా ఫస్ట్‌లోకి వేస్తే కరకరలాడటం జబ్బు కాదు.

వీటన్నిటికంటే ముందు హ్యాండ్ గేర్ లింకు రాడ్ల బుష్షులు చూడాలి. డెబ్బై ఏళ్ళు దాటిన బండిలో అవి అరిగిపోతే గేర్ సగమే పడుతుంది. సగం పడిన సెకండ్ దిగుడులో జారిపోవడం సహజం. లేత్ మీద తిప్పించిన నాలుగు బుష్షులతో నయమయ్యే దానికి బాక్స్ మొత్తం మార్చేవాళ్ళున్నారు. అది నాకు బాధ కలిగిస్తుంది.

లింకు సరిచేశాక కూడా జారుతుంటే అప్పుడు బాక్స్ దించాలి. బేరింగుల మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు పట్టుకుని చెన్నై పుదుపేటలోనో బెంగళూరు జేసీ రోడ్డులోనో అడగొచ్చు. సింక్రో, లేయర్ షాఫ్ట్ గేర్లు దొరక్కపోతే అమెరికా నుంచి తెప్పించాలి. అమెరికాలో ఈ బళ్ళు లక్షల్లో అమ్ముడయ్యాయి కాబట్టి పాత బండ్ల సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర ఇప్పటికీ దొరుకుతాయి. ఆలస్యం అవుతుంది, అంతే.

ఈ బాక్స్ మన ఘాట్లకు సరిపోతుందా అంటే బాగా సరిపోతుంది. ఫస్ట్ 2.94 (అంటే బాక్స్ వెనక షాఫ్ట్ ఒక చుట్టుకు ఇంజన్ 2.94 చుట్లు), సెకండ్ 1.68, టాప్ నేరుగా, వెనక డిఫరెన్షియల్ 4.11. సెకండ్‌లో గంటకు 30 కిలోమీటర్ల మీద ఇంజన్ నిమిషానికి సుమారు 1,600 చుట్లు తిరుగుతుంది. ఈ ఆరు సిలిండర్ల ఇంజన్ హాయిగా లాగేది అక్కడే. భాకరాపేట ఘాట్ ఎక్కడానికి అదే గేర్, దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేదీ అదే. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న బరువైన బండికి దిగుడులో సెకండ్ గేరే పెద్ద బ్రేకు. అందుకే సెకండ్ జారడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఐదు గేర్లవాటి సంగతి

అంబాసిడర్ 1800లో, కాంటెస్సా 1.8లో వచ్చిన ఇసుజు బాక్స్ చక్కటిది, గేర్లు వెన్నలా పడతాయి. కానీ అది మోసిన ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు 135 న్యూటన్ మీటర్లు. షెవ్రోలే 216 (ఘనపుటంగుళాల) ఇంజన్ హార్స్‌పవర్ 92 మాత్రమే అయినా టార్క్ 235 దాకా ఉంటుంది, అదీ తక్కువ చుట్లలోనే. హార్స్‌పవర్ రెండిటికీ దగ్గరగా ఉందని చూసి జత కుదిరిందనుకుంటారు. గేర్ పళ్ళు మోసేది టార్క్‌ని. నలుగురు ఎక్కి ఘాట్‌లో ఆగి బయలుదేరిన రోజున ఆ తేడా తెలుస్తుంది. దీన్ని నేను వద్దంటాను.

స్కార్పియోది బలంలో సరిపోతుంది, దాని డీజిల్ ఇంజన్ టార్క్ 250 పైనే. సామాను మన ఊళ్ళోనే దొరుకుతుంది, పనిచేసే చేతులూ ఉన్నాయి. అవసరమైతే దాని వెనక హౌసింగూ తీసుకోవచ్చు. కష్టమంతా జత కలపడంలో ఉంది. షెవ్రోలే బెల్‌హౌసింగ్ ఇంజన్ మౌంట్లను కూడా మోస్తుంది, దాన్ని తీసేయడానికి లేదు. దానికీ కొత్త బాక్సుకూ మధ్య అడాప్టర్ ప్లేటు చేయించాలి. ముందు షాఫ్ట్ పొడవుకు తగ్గ పైలట్ బుష్, పళ్ళకు తగ్గ క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కుదరాలి. ప్లేటు బిగించాక ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ అంటించి, ముల్లును ప్లేటు మధ్య రంధ్రం అంచుకు ఆనించి ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పించాలి. ముల్లు మొత్తం ఆట పది తౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) దాటకూడదు. దాటితే రెండు కేంద్రాలు కలవలేదని అర్థం, బేరింగులు త్వరగా పోతాయి, క్లచ్ వణుకుతుంది. డయల్ గేజ్ లేదన్న మెకానిక్‌కు ఈ పని ఇవ్వొద్దు.

అమెరికాలో ఇలాంటి బళ్ళకు ఎక్కువగా వేసేది బోర్గ్‌వార్నర్ టీ-5. ఎస్-10 పికప్‌లో వచ్చిన రకంలో గేర్ రాడ్ ముందుకు ఉంటుంది కాబట్టి బెంచీ సీటుకు తగలదు. దాని కోసం అడాప్టర్లు కూడా తయారుగా దొరుకుతాయి. కానీ కొన్నిటికి ఫస్ట్ 4.03 ఉంటుంది; వెనక 4.11 లాంటి హౌసింగ్ ఉంటే ఆ ఫస్ట్ బండి కదలగానే అయిపోతుంది. పాత బాక్స్ కొంటే దిగుమతి, సుంకం అన్నీ పెట్టి తెచ్చాక లోపల ఏముందో తెరిస్తే గానీ తెలియదు. ఓవర్‌డ్రైవ్ (హైవేలో చుట్లు తగ్గించే అదనపు గేర్) ఉన్న పాతకాలపు మూడు గేర్ల బాక్స్ కొందామన్నా షెవ్రోలేకి అది 1955 నుంచి, బయటి షాఫ్ట్‌తోనే వచ్చింది. పైగా ఆ రకం ఓవర్‌డ్రైవ్ లాక్ చేయకపోతే తక్కువ వేగంలో ఫ్రీగా తిరుగుతుంది, ఇంజన్ పట్టు ఉండదు. మొగిలి దిగుడులో అది ప్రమాదం.

మరి హైవే సంగతి?

చిత్తూరు నుంచి బెంగళూరుకు సుమారు 180 కిలోమీటర్లు. 80 మీద పోతే 4.11తో ఇంజన్ దాదాపు 2,500 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. ఈ 216 ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్లకు బేరింగుగా వైట్ మెటల్ (మెత్తటి లోహం) పోసి ఉంటుంది, ప్రెషర్‌తో కాక చిమ్మడం, ముంచడంతోనే వాటికి ఆయిల్ అందుతుంది. గంటల తరబడి ఎక్కువ చుట్లు దానికి మంచివి కావు. ఐదో గేర్ అడిగేవాళ్ళ వాదనలో నిజమున్నది ఇక్కడే.

దానికీ తేలికైన దారి ఉంది. 1950లో పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ బండ్లకు షెవ్రోలే 3.55 క్రౌన్-పినియన్ వేసింది. అది ఇదే టార్క్ ట్యూబ్ హౌసింగ్‌లో కూర్చుంటుంది. అదే 80 మీద చుట్లు 2,150 దగ్గరికి దిగుతాయి. ఘాట్‌లో సెకండ్ కాస్త బరువెక్కుతుంది కానీ లాగుతుంది. బండి కింద ఎక్కడా కోత, వెల్డింగ్ ఉండవు.

కోత లేకపోవడానికి ఇంకో విలువ ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేని బండికే వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్త గేర్‌బాక్స్ కోసం క్రాస్‌మెంబర్ కోసి వెల్డింగ్ చేయిస్తే ఆ దారి మూసుకుపోవచ్చు. హ్యాండ్ గేర్ తీసేసి ఫ్లోర్‌కు రంధ్రం పెడితే ముందు సీట్లో మూడో మనిషికి కాళ్ళు పెట్టుకునే చోటూ పోతుంది.

వెనక హౌసింగ్ ముందే మార్చేసిన బండి అయితే, లేదా 1954 తర్వాతి, రాడ్లకూ ప్రెషర్‌తో ఆయిల్ అందే (ఫుల్ ప్రెషర్) 235 ఇంజన్ పెట్టి రోజూ హైవేలో తిప్పుతానంటే నా సలహా మారుతుంది, స్కార్పియో బాక్స్ వైపే మొగ్గుతాను. బావ బండి అలాంటిది కాదు.

బాక్స్ దించినప్పుడు టార్క్ ట్యూబ్ ముందు భాగంలోని బుష్, సీల్ కూడా మార్పించమన్నాను. ఆ సీల్ పోతే గేర్‌బాక్స్ ఆయిల్ గొట్టం గుండా మెల్లగా డిఫరెన్షియల్‌లోకి పోతుంది, అక్కడ ఎక్కువై వెనక బ్రేకు లైనర్ల మీదికి వస్తుంది. ఎక్కించాక 90 నంబరు జీఎల్-4 రకం గేర్ ఆయిలే పోయాలి, ఇత్తడి సింక్రోలకు జీఎల్-5 పడకపోవచ్చు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక రెండు చోట్లా లెవెల్ ప్లగ్గులు విప్పి చూడాలి. ముందు తగ్గి వెనక పెరిగిందంటే సీల్ సరిగా కూర్చోలేదన్నమాట, మళ్ళీ దించాల్సిందే.