ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్: కొర్లగుంట మేడగదిలో మూడేళ్ల వాడకం

తిరుపతి కొర్లగుంటలో మా మేడమీది గదిలో కూర్చుని ముంబైలోని మూడు సర్వర్లను చూసుకోవడం నా ఉద్యోగం. అందుకు మూడేళ్లుగా నేను వాడుతున్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే, దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే సాధనం. ఇది ఉచితం. లినక్స్, మ్యాక్‌లలో ముందే ఉంటుంది. 2018 నుంచి విండోస్ 10లోనూ చేరింది.

1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డుల దొంగతనం జరగడంతో, టాటు యులొనెన్ అనే పరిశోధకుడు ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశారు. అంతకుముందు వాడుకలో ఉన్న టెల్నెట్‌లో మనం కొట్టిన పాస్‌వర్డు ఏ మరుగూ లేకుండా వెళ్లేది కాబట్టి, దారిలో కాపు వేసిన వారెవరైనా దాన్ని చదువుకోగలిగేవారు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే బృందం 1999లో విడుదల చేసిన రూపమే నేడు మనం వాడుతున్నది.

దీనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, చాలామంది చదవకుండా దాటేసే మొదటి ప్రశ్న. చిత్తూరులో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు మొదటిసారి కాలేజీ సర్వర్‌లోకి వెళ్లబోతూ ఫోన్ చేసి, "అన్నా, ఇదేందో పొడుగ్గా అక్షరాలు చూపించి అడగతా ఉంది, యెస్ కొట్టేదా?" అన్నాడు. ఆ అక్షరాలు ఆ సర్వర్‌ను గుర్తుపట్టే వేలిముద్ర లాంటివనీ, ల్యాబ్‌లో సర్వర్ చూసుకునే సార్‌ని అడిగి సరిపోల్చుకున్నాకే యెస్ కొట్టమనీ చెప్పాను. ఒకసారి ఒప్పుకున్న వేలిముద్రను ఈ సాధనం రాసిపెట్టుకుని, తర్వాత ఎప్పుడైనా అది మారితే, మరెవరో ఆ సర్వర్‌లా నటిస్తుండవచ్చని పెద్ద హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. నాకూ ఒక ఉదయం అలాగే ఆగింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే, రాత్రి ఆ సర్వర్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేశారనీ నాకు చెప్పడం మరిచారనీ తెలిసింది. అది ఉత్త కంగారే అయినా, అలా ఆపినందుకు నాకు ఈ సాధనంపై నమ్మకం పెరిగింది.

పాస్‌వర్డుకు బదులు ఈడీ25519 రకం కీల జతను, అంటే మన దగ్గర ఉండే రహస్య కీనీ సర్వర్‌లో పెట్టే బహిరంగ కీనీ తయారుచేసుకోవడం మేలు. అయితే రహస్య కీ ఫైలును ఇతరులు కూడా చదవగలిగేలా ఉంచితే ఆ కీని ఒప్పుకోదు. దాని అనుమతిని 600గా, అంటే మనం మాత్రమే చదివి రాయగలిగేలా మార్చాలి. లాగిన్ కుదరనప్పుడు ఇచ్చే "పర్మిషన్ డినైడ్" అన్న సందేశం మాత్రం కొత్తవారికి ఏమీ చెప్పదు. కమాండుకు '-v' గుర్తు జోడిస్తే ఎక్కడ ఆగిందో వివరంగా తెలుస్తుంది.

నా అసలు ఫిర్యాదు కనెక్షన్ తెగినప్పటి సంగతి. నవంబరు వానల్లో మా వీధిలో కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, తెర బిగుసుకుపోతుంది, ఎంత కొట్టినా అక్షరం పడదు. అప్పుడు ఎంటర్ కొట్టి, టిల్డే (~) గుర్తు, ఆ వెంటనే చుక్క పెడితే బయటపడవచ్చు. ఈ ఉపాయం నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. సర్వర్ ఇంకా పలుకుతోందో లేదో ఎన్ని సెకన్లకోసారి చూడాలో చెప్పే సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ అనే అమరిక మామూలుగా సున్నాలో ఉంటుంది; కాన్ఫిగ్ ఫైలులో దాన్ని 60 చేశాక, తెగిన కనెక్షన్ సుమారు మూడు నిమిషాల్లో తానే మూసుకుంటోంది. కానీ దానివల్ల సగంలో ఉన్న పని దక్కదు. ఒక రాత్రి రెండు గంటలుగా నడుస్తున్న డేటాబేస్ బ్యాకప్ అలాగే పోగొట్టుకున్నాను. అప్పటినుంచి సర్వర్‌లోకి వెళ్లగానే ముందు టీమక్స్ (కనెక్షన్ తెగినా పనిని సర్వర్‌లో నడుపుతూ ఉండే సాధనం) తెరిచి, అందులోనే పని మొదలుపెడుతున్నాను. మొన్నటి వానకు రాత్రి పదింటికి పోయిన కరెంటు తెల్లారాక వచ్చింది. మళ్లీ లాగిన్ అయి చూస్తే బ్యాకప్ పూర్తయి ఉంది.