ఇంటి గ్యారేజీలో గాలి పనిముట్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

సొంత వాహనాలను ఇంట్లోనే బాగుచేసుకునేవారు గాలితో నడిచే పనిముట్లు కొనాలనుకున్నప్పుడు సాధారణంగా ముందు చూసేది, వరుస దెబ్బల బలంతో నట్లను తిప్పే ఇంపాక్ట్ రెంచ్‌నే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన టార్క్ (తిప్పే బలం) అంకెను చూసి దాన్ని కొంటారు, ఆ తర్వాత దానికి గాలి అందించడానికి ఏదో ఒక కంప్రెసర్ వెతుకుతారు. కొన్నేళ్లుగా వీటిని వాడుతున్న నాకు ఈ వరుస సరిగ్గా తలకిందులుగా ఉండాలని అనిపిస్తుంది. ఎంత మేలైన పనిముట్టయినా దానికి అందే గాలి మేరకే పనిచేస్తుంది కనుక, ఈ సమీక్షలో ఎక్కువ భాగం కంప్రెసర్ గురించి, గొట్టం గురించి, వాటిని కలిపే కప్లర్ల గురించే ఉంటుంది.

కంప్రెసర్ విషయంలో హార్స్‌పవర్, ట్యాంకు లీటర్లు వెంటనే కంటికి కనిపిస్తాయి. అసలు చూడవలసింది మాత్రం 90 పీఎస్‌ఐ పీడనం దగ్గర, అంటే సుమారు 6.2 బార్ దగ్గర, అది నిమిషానికి ఎంత గాలిని బయటికి ఇవ్వగలదనేది. దీన్ని సీఎఫ్‌ఎంలో చెబుతారు. ఒక సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు. కొందరు తయారీదారులు పిస్టన్ కొలతలను బట్టి లెక్కగట్టిన డిస్‌ప్లేస్‌మెంట్ అంకెను మాత్రమే ముద్రిస్తారు, నిజంగా బయటికి వచ్చే గాలి దానికన్నా బాగా తక్కువ ఉంటుంది. అందుకే వివరాల పట్టికలో ఫ్రీ ఎయిర్ డెలివరీ, అంటే నిజంగా బయటికి వచ్చే గాలి, ఎంతో, అది ఏ పీడనం దగ్గర కొలిచినదో రెండూ రాసి ఉన్న యంత్రాన్నే పరిశీలించడం మంచిది. ఒక హార్స్‌పవర్‌కు 90 పీఎస్‌ఐ దగ్గర మూడు నుంచి నాలుగు సీఎఫ్‌ఎం రావడం సహజం. అంతకు రెట్టింపు వస్తుందని ఎవరైనా చెబితే ఆ హార్స్‌పవర్‌నో, ఆ గాలి లెక్కనో అనుమానించవలసిందే.

ట్యాంకు పెద్దదైతే చాలుననే నమ్మకం బలంగా ఉంది కాబట్టి ఒక చిన్న లెక్క చెబుతాను. 50 లీటర్ల ట్యాంకులో పీడనం 8 బార్ నుంచి 6 బార్‌కు దిగేలోగా మనకు దక్కే గాలి, వాతావరణ పీడనం దగ్గర కొలిస్తే, సుమారు 100 లీటర్లు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపు నిమిషానికి 400 లీటర్లు తాగే డై గ్రైండర్‌కు (వేగంగా తిరిగే చిన్న అరగదీత పనిముట్టుకు) ఆ గాలి పదిహేను సెకన్లకు సరిపోతుంది. ఆ సమయంలో కంప్రెసర్ కూడా నడుస్తూ నిమిషానికి 170 లీటర్లు కలుపుతున్నదనుకున్నా అర నిమిషం నిండదు. అదే ఇంపాక్ట్ రెంచ్ అయితే ఒక వీల్ నట్టు విప్పడానికి రెండు మూడు సెకన్లు చాలు, మరో నట్టుకు సాకెట్ మార్చి పట్టుకునేలోగా ట్యాంకు కొంత కోలుకుంటుంది. అంటే విడతలు విడతలుగా సాగే పనిని ట్యాంకు మోస్తుంది, ఆగకుండా సాగే పనిని పంపు ఒక్కటే మోయాలి. పనిముట్ల డబ్బాల మీద రాసే సగటు గాలి వినియోగం కూడా చాలాసార్లు నిమిషంలో పావు వంతు సమయమే వాడతామన్న ఊహతో లెక్కగట్టినదని గుర్తుంచుకుంటే, నాలుగు సీఎఫ్‌ఎం చాలునని రాసి ఉన్న గ్రైండర్ రెండు హార్స్‌పవర్ కంప్రెసర్‌ను ఎందుకు ఉక్కిరిబిక్కిరి చేస్తుందో అర్థమవుతుంది.

నేను వాడేది బెల్టుతో నడిచే, నూనె పోయవలసిన రకం. నూనె అక్కరలేని, బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలు తేలికగా ఉంటాయి, టైర్లకు గాలి పట్టుకోవడానికి బాగానే పనికొస్తాయి. కానీ వాటి చప్పుడు మూసి ఉన్న గ్యారేజీలో భరించడం కష్టం, ఎక్కువసేపు నడిపితే త్వరగా వేడెక్కుతాయి. కంప్రెసర్ పనిచేసే చోటికి దూరంగా ఉంటే కరెంటు తీగను కాకుండా గాలి గొట్టాన్ని పొడిగించాలి. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ మీద మోటారు స్టార్టు అయ్యేటప్పుడు వోల్టేజి పడిపోయి, మోటారు మూలుగుతూ వేడెక్కుతుంది.

ఇక గొట్టం. నా అభిప్రాయంలో ఈ మొత్తం ఏర్పాటులో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, అందరూ చివరికి వదిలేసేదీ ఇదే. కంప్రెసర్‌తో పాటు ఉచితంగా వచ్చే, స్ప్రింగులా చుట్టుకుని ఉండే గొట్టాల లోపలి వ్యాసం చాలా తక్కువ. కుండ నిండా నీళ్లున్నా మూతి ఇరుకైతే ధార సన్నగానే పడుతుంది, ఇక్కడా అంతే. పీడనాన్ని సర్దే రెగ్యులేటర్ మీద 90 కనిపిస్తున్నది గదా అని నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే అది గాలి కదలనప్పటి అంకె. పనిముట్టు పిడికి, గొట్టానికి మధ్య ఒక చిన్న గేజిని బిగించి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని చూస్తే నిజం తెలుస్తుంది. నా దగ్గర సన్న గొట్టంతో ఆ ముల్లు 70 కిందికి జారిపోయేది. మూడు బై ఎనిమిది అంగుళాల లోపలి వ్యాసం ఉన్న రబ్బరు గొట్టాన్ని, గాలి ధారాళంగా పోయే వెడల్పాటి కప్లర్లను బిగించాక అదే పనిముట్టు దగ్గర 80కి పైన నిలబడుతున్నది. అంతకుముందు మొరాయించిన సస్పెన్షన్ బోల్టులు ఆ తర్వాత అదే రెంచ్‌కు లొంగాయి. రెంచ్ మార్చాలని అనుకునేవారు ముందు ఈ పరీక్ష చేసి చూడాలి.

ఇంపాక్ట్ రెంచ్ విషయానికి వస్తే, అర అంగుళం డ్రైవ్, లోపల రెండు సుత్తులున్న ట్విన్ హామర్ ఏర్పాటు ఇంటి పనికి సరిపోతాయి. ముద్రించిన టార్క్ బిగించే దిశలోనిదా, విప్పే దిశలోనిదా అన్నది చూడాలి. విప్పే దిశలో వచ్చే గరిష్ఠ అంకెనే పెద్దగా వేయడం రివాజు. లోహపు పిడి కన్నా కాంపోజిట్ పిడి నాకు నచ్చింది. పనిముట్టు లోపల గాలి వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది, ఎక్కువసేపు వాడితే అల్యూమినియం పిడి చేతిని కొరికేంత చల్లగా అవుతుంది. క్రోమ్ పూత మెరిసే మామూలు సాకెట్లను దీనికి తగిలించకూడదు, అవి పగిలి ముక్కలు ఎగురుతాయి. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. వీల్ నట్లను దీనితో చివరిదాకా బిగించడాన్ని నేను ఎంతమాత్రం సమర్థించను. చేతితో నాలుగు చుట్లు తిప్పి, తర్వాత టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన అంకెకు బిగించాలి. చాలా కార్లకు అది సుమారు 90 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, ఇంపాక్ట్ రెంచ్ కళ్లు మూసి తెరిచేలోగా దాన్ని దాటిపోగలదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈనాటి బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్‌లు వచ్చాక కేవలం నట్లు విప్పడం కోసమే కంప్రెసర్ కొనడంలో పెద్ద అర్థం లేదు. గొట్టం ఈడ్చుకోవడం లేదు, ట్యాంకు నిండేదాకా ఎదురుచూడడం లేదు. చక్రాలు విప్పడానికి నేను కూడా ఇప్పుడు బ్యాటరీదే అందుకుంటున్నాను. అయినా కంప్రెసర్ నా గ్యారేజీలో నిలబడి ఉండడానికి కారణం మిగతా పనిముట్లు.

వాటిలో అన్నిటికన్నా విలువైనది, ఉలిని వేగంగా కొట్టే ఎయిర్ హామర్. తుప్పు పట్టి బిగుసుకుపోయిన సైలెన్సర్ పైపులను విడదీయడానికి, కదలని బుష్‌లను వెళ్లగొట్టడానికి, బాల్ జాయింటును దాని గూటి నుంచి తప్పించడానికి దీనికి సాటి మరొకటి నాకు దొరకలేదు. ఉలి కాడ 0.401 అంగుళాల ప్రామాణిక కొలతలో ఉన్నదాన్ని ఎంచుకుంటే ఏ తయారీ ఉలి అయినా అందులో పడుతుంది. మూడు బై ఎనిమిది అంగుళాల ఎయిర్ రాట్చెట్ ఇంజను చుట్టూ ఉన్న ఇరుకు సందుల్లో పొడవాటి బోల్టులను తిప్పి తీయడానికి చక్కగా పనికొస్తుంది. అయితే ముందుగా చేతి పానాతోనే బిగువు సడలించాలి. బోల్టు బిగుసుకుని ఆగిపోతే రాట్చెట్ మొత్తం ఎదురు తిరుగుతుంది, పక్కనున్న బ్రాకెట్‌కు, పిడికి మధ్య వేళ్లు నలిగిపోతాయి. నిమిషానికి ఇరవై వేల చుట్లకు పైగా తిరిగే డై గ్రైండర్ గాస్కెట్ అంచులు శుభ్రం చేయడానికి మంచిదే, కానీ పైన చెప్పిన లెక్క ప్రకారం ఆగి ఆగి వాడుకోవాలి. రంగు పనిలో పైభాగాన్ని రుద్ది నునుపు చేసే డీఏ (డ్యూయల్ యాక్షన్) శాండర్‌ను చిన్న కంప్రెసర్ మీద నడపాలనుకోవడం వృథా ప్రయాస.

గాలి పనిముట్ల ఆయుష్షును తేల్చేవి నీరు, నూనె. గాలిని అదిమినప్పుడు అది వేడెక్కుతుంది, ట్యాంకులో చల్లబడగానే అందులోని తేమ నీరై అడుగున చేరుతుంది. పని ముగిశాక కొద్దిగా పీడనం మిగిలి ఉండగానే ట్యాంకు కింది మరను తిప్పితే ముందు గోధుమరంగు నీరు బుసబుసమంటూ చిమ్ముతుంది, తర్వాత పాలలా తెల్లబడిన నూనె చుక్కలు, ఆ తర్వాతే పొడి గాలి. ఈ పని వదిలేస్తే ట్యాంకు లోపలి నుంచి తుప్పు తింటుంది, బయటికి ఏమీ కనిపించదు. తేమను పట్టే ఫిల్టర్‌ను కంప్రెసర్‌కు ఆనించి కాకుండా కొంత దూరంలో బిగించాలి, వేడిగా ఉన్న గాలిలోని ఆవిరి ఫిల్టర్‌కు దొరకకుండా దాటిపోతుంది. గోడ వెంట గాలి పైపు వేసుకునేవారు పీవీసీ పైపు వాడకూడదు, అది పగిలితే ముక్కలు గాజు పెంకుల్లా ఎగురుతాయి.

పనిముట్టు లోపల రోటరు గాడుల్లో జారే వేన్‌లు అనే పలుచని పలకలే దాన్ని తిప్పేవి. వాడే ముందు గాలి ప్రవేశించే చోట మూడు నాలుగు చుక్కలు ఎయిర్ టూల్ ఆయిల్ వేస్తే అవి తేలికగా కదులుతాయి. చిక్కటి ఇంజను ఆయిల్ వేస్తే జిగటపడి గాడుల్లోనే అంటుకుపోతాయి, రెంచ్ గాలి వదులుతుంది గాని తిరగదు. రంగు చల్లే తుపాకీకి మాత్రం నూనె తగిలిన గొట్టాన్ని ఎప్పుడూ వాడకూడదు.

గాలి ఊదే బ్లో గన్‌తో బ్రేకుల దుమ్ము ఊదడం మానుకోవాలి, ఆ సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి గుడ్డ, బ్రేక్ క్లీనర్ ఆ పనికి మేలు. చెవులకు రక్షణ, కళ్లద్దాలు లేకుండా ఎయిర్ హామర్‌ను ముట్టుకోకూడదు.

ఇన్నేళ్లలో అరిగిపోయినవి తక్కువే. ఇంపాక్ట్ రెంచ్‌లో వేన్‌లు మార్చాను, గొట్టం చివర కప్లర్ దగ్గర కోసి మళ్లీ బిగించాను. కంప్రెసర్ ఆగిన తర్వాత కూడా ప్రెజర్ స్విచ్ కింది నుంచి గాలి ఆగకుండా కారుతూ ఉంటే చాలామంది స్విచ్‌ను మారుస్తారు. ఎక్కువసార్లు దోషం ట్యాంకులోని గాలి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వుది. ట్యాంకులోని గాలి మొత్తం వదిలేసి, ఆ వాల్వును విప్పి, కూర్చునే చోట పట్టిన మసిని తుడిచి తిరిగి బిగిస్తే సాధారణంగా కారడం ఆగిపోతుంది.